వేలికి అంటిన గ్రీజు

ఆ శుక్రవారం ఖతరీ ఆసామి బూ రాషిద్ ల్యాండ్ క్రూజర్‌లో ముందు సీట్లో రయీస్ కూర్చున్నాడు. నర్సింలు వెనక కూర్చున్నాడు, టైర్లకు గాలి కొట్టే పంపుకీ టీ ఫ్లాస్కుకీ మధ్య. వెనక కూర్చోమని అతనికి ఎవరూ చెప్పలేదు. గ్యారేజీ ముందు బండి ఆగగానే బూ రాషిద్ లోపలి నుంచి చేయి చాచి అవతలి తలుపు తెరిచాడు, తెరుస్తూ రయీస్ వైపు చూశాడు. అంతే. నర్సింలు అప్పటికే ఆ తలుపు వైపు అడుగు వేసి ఉన్నాడు. టైరు చూసుకుంటున్నట్టు వంగి, లేచి, వెనక తలుపు తీసుకున్నాడు.

బయటివాళ్ళకు అది ఒట్టి సీటు. దోహా అంచున గ్యారేజీలతో నిండిన సనయ్యలో పనిచేసేవాళ్ళకు కాదు. చలికాలం మొదలవగానే ఖతరీలు మెసయీద్ దాటి ఇసుక తిన్నెల మీదికి బండ్లు తీసుకుపోతారు. అంతకుముందే ఆ బండ్లు సనయ్యకు వచ్చి, ఇంజను గాలి పీల్చుకునే దారిని మార్పించుకుంటాయి. కంపెనీ బిగించిన గొట్టం ఇరుకు, వంపులు ఎక్కువ. తిన్నె ఎక్కేటప్పుడు బానెట్ కింద ఉడికే గాలి కూడా అందులో దూరుతుంది. దాన్ని తీసేసి, బయటి చల్లగాలి వెడల్పాటి దారిలో నేరుగా వచ్చేట్టు చేస్తే ఇంజను కొత్త బలంతో లాగుతుంది. కానీ ఎక్కడైనా వెంట్రుకంత సందు మిగిలితే గాలితో పాటు ఇసుక పొడి లోపలికి పోతుంది, సిలిండర్లను గీకి పారేస్తుంది.

అందుకని సనయ్యలో ఒక పద్ధతి ఉంది. గొట్టం బిగించే ముందు లోపలి గోడకు పలచగా గ్రీజు రాస్తారు. మొదటి సవారీకి ఆ పని చేసిన మేస్త్రీ ముందు సీట్లో కూర్చుని పోతాడు. పెద్ద తిన్నె ఎక్కి దిగాక, నలుగురి ముందు బానెట్ ఎత్తి, గొట్టం ఊడదీసి, లోపల వేలు తిప్పి బయటికి తీస్తాడు. వేలికి గ్రీజు మాత్రమే అంటితే ఆ చలికాలమంతా అతని పేరు తిన్నెల మీద తిరుగుతుంది. గరగర ఇసుక తగిలితే ఆ బండి మళ్ళీ అతని దగ్గరికి రాదు.

బూ రాషిద్ బండికి ఇన్నేళ్ళూ ఆ వేలు నర్సింలుదే.

అతనిది దుబ్బాక పక్కన ఊరు. ఖతర్‌కు వచ్చింది మట్టి పనికి. మెసయీద్‌లో ఒక సైటులో తవ్వే యంత్రాల ఫిల్టర్లు విప్పి, గాలి కొట్టి, మళ్ళీ బిగించే పని అతనికి పడింది. ఎవరికీ ఇష్టం లేని పని. రోజంతా దుమ్ము కక్కుకోవడమే. కానీ ఏ యంత్రం ఎక్కడి నుంచి మన్ను మింగుతున్నదో అతను అక్కడే నేర్చుకున్నాడు. సైటు ముగిశాక గ్యారేజీ నడిపే జియావుద్దీన్ అతన్ని తీసుకున్నాడు. నర్సింలు రేకు వంచి, అంచులకు రబ్బరు కుట్టి, ఫిల్టరు చుట్టూ ఒక డబ్బా కట్టేవాడు. బయటి నుంచి చూస్తే ఏమీ మారినట్టు ఉండదు, చప్పుడు ఉండదు. బండి మాత్రం ఎక్కుతుంది. సనయ్యలో దాన్ని నర్సిం డబ్బా అనేవాళ్ళు. తిన్నె కింద వేలు పైకెత్తి నిలబడ్డ అతని ఫోటో ఇంటి దగ్గర భార్య ప్రమీల ఫోన్లో ఉంది. అతని చిన్నమ్మ ఆ ఫోటో చూసిన దగ్గర నుంచి, మా నర్సింలు దుబాయ్‌ల షేకు పక్కన ముందు సీట్ల కూసుంటడు అని వాడంతా చెప్పుకునేది. అది దుబాయ్ కాదని ప్రమీల చెప్పడం మానేసి చాలా కాలమైంది.

రయీస్ బోధన్ వాడు. హైదరాబాదులో కార్ల షాపుల్లో చేసి వచ్చాడు. రేకు అంచు ఎలా మడవాలో, గ్రీజు ఎంత పలచగా రాయాలో అతనికి చూపించింది నర్సింలే. మొదట్లో రయీస్ ప్రతి పట్టీ బిగించి, ఒకసారి చూడన్నా అని పిలిచేవాడు. నర్సింలు వంగి చూసి, వేలితో తట్టి, తల ఊపేవాడు. ఆ తల ఊపడం కోసం రయీస్ ఎదురుచూడటం నర్సింలుకు ఇష్టంగా ఉండేది. అది ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. ఆగిందని మాత్రం ఒకరోజు తెలిసింది.

రయీస్ డబ్బా కట్టడు. చక్రం పైరేకు వెనక నుంచి గాలి తీసుకునే వెడల్పాటి అల్యూమినియం గొట్టం పెడతాడు, నూనె పట్టించిన గుడ్డ ఫిల్టరు పెడతాడు. దాంతో బండి కాలు తొక్కినప్పుడల్లా లోతుగా ఊపిరి తీసి గర్జిస్తుంది. ఎవరిదో బండిలో ఆ చప్పుడు విని బూ రాషిద్ గ్యారేజీకి వచ్చాడు. నర్సింలు చేతులు తుడుచుకుంటూ ఎదురు వెళ్ళాడు. బూ రాషిద్ అతని భుజం మీద చేయి వేసి బాగున్నావా అని అడిగి, ఆ చేయి తీయకుండానే, ఆ చప్పుడు చేసే కుర్రవాడు ఏడీ అని అడిగాడు. బండి రయీస్ చేతికి పోయింది.

జియావుద్దీన్ హైదరాబాద్ మనిషి, నోరు ఊరుకోదు. ఆ రోజు టీ దగ్గర రయీస్‌ను చూపిస్తూ అందరి ముందూ అన్నాడు.

“నర్సింలూ, శాగిర్దు ఉస్తాద్‌ను మించిండు గదా. మిఠాయి ఎప్పుడు?”

“చప్పుడుకు గూడ మిఠాయి పెడ్తరా భాయ్,” అన్నాడు నర్సింలు. అందరూ నవ్వారు, రయీస్ కూడా నవ్వాడు. రయీస్ నవ్వులో కోపం ఏమైనా ఉందేమోనని నర్సింలు వెతికాడు. లేదు. అది ఇంకా బాధగా ఉంది.

ఆ శుక్రవారం తిన్నెల మొదట్లో బండి ఆగినప్పుడు, ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించే పని నర్సింలే చేశాడు. ఒక్కో చక్రం దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని గాలి వదులుతుంటే, తల మీద నుంచి రయీస్, బూ రాషిద్ మాటలు వినబడుతున్నాయి. బూ రాషిద్‌కు వచ్చిన ఉర్దూ, రయీస్‌కు వచ్చిన అరబీ ఎక్కడో మధ్యలో కలుసుకుని నవ్వుకుంటున్నాయి. తర్వాత బండి పెద్ద తిన్నె మీదికి లేచింది. నర్సింలు డబ్బాతో అదే బండి అదే తిన్నెను ఎన్నోసార్లు ఎక్కింది. కానీ అప్పుడెప్పుడూ బూ రాషిద్ స్టీరింగు మీద అరచేత్తో కొట్టి చిన్నపిల్లాడిలా కేక వేయలేదు.

కింద స్నేహితుల బండ్ల మధ్య రయీస్ బానెట్ ఎత్తాడు. గొట్టం పై కొస ఊడదీసి వేలు తిప్పి తీశాడు. తెల్లటి గ్రీజు. ఆ వేలిని ఒక్కొక్కరి ముందూ ఆపాడు. నర్సింలు కూడా చూశాడు, తల కూడా ఊపాడు. లోపల మాత్రం ఒకటే మాట పట్టుకున్నాడు: వీడు పై కొసలో చూశాడు. ఇసుక పై కొసలో ఎందుకుంటుంది? కింది వంపులో కదా చేరేది.

సూర్యుడు దిగేవేళ అందరూ చాప పరిచి నమాజుకు నిలబడ్డారు. ఇన్నేళ్ళూ ఆ సమయంలో నర్సింలు బండి పక్కన కప్పులు సర్ది టీ పోసి ఉంచేవాడు. అందులో అతనికి ఎప్పుడూ ఏ లోటూ తోచలేదు. ఆ రోజు వరసలో బూ రాషిద్ భుజానికి భుజం ఆనించి నిలబడ్డ రయీస్ వీపు చూస్తూ టీ పోశాడు. కప్పు నిండి, వేలి మీదుగా పొర్లి ఇసుకలో పడింది.

ఈసారి ఫోటో రాలేదేమని ప్రమీల ఫోన్లో అడిగింది. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయిందన్నాడు.

“మరి గా పిలగాని ఫోన్ల దియ్యకపోయినవా? నువ్వు నేర్పిచ్చిన పిలగాడే గదా.”

డ్యూటీకి టైమయిందని పెట్టేశాడు.

కింది వంపు అతన్ని వదల్లేదు. పని చేస్తున్నా, తింటున్నా, కళ్ళ ముందు ఆ వంపు, అందులో సన్నగా చేరుతున్న ఇసుక. ఇంకో రెండు మూడు సవారీలకు అది పైకి వస్తుంది, అప్పుడు బూ రాషిద్ తన దగ్గరికే వస్తాడు, అప్పుడు తను ఏమీ అనకుండా డబ్బా బిగిస్తాడు. ఏమీ అనకపోవడం ఎలాగో కూడా ఊహించుకున్నాడు.

వారం మధ్యలో ఆ బండి బ్రేకుల పనికి గ్యారేజీకి వచ్చింది. రయీస్ పన్ను నొప్పితో అల్ సద్‌లో క్లినిక్‌కు పోయాడు. బ్రేకులు నర్సింలుకు అప్పగించారు. అవి పూర్తయ్యాక అతను అటూ ఇటూ చూసి బానెట్ ఎత్తాడు. కింది వంపు దగ్గర గొట్టాన్ని రబ్బరు తొడుగుతో కలిపే పట్టీ ఉంది. దాని మర సడలించి, తొడుగు వెనక్కి లాగి, వేలు లోపలికి పోనిచ్చాడు. వంపు అడుగున నెమ్మదిగా రాసి తీశాడు.

తెల్లటి గ్రీజు. బొటనవేలితో నలిపి చూశాడు. గరుకు లేదు. ఇంకో వేలు పెట్టి ఇంకొంచెం లోపల చూశాడు. వెన్నలా ఉంది.

అక్కడే నిలబడిపోయాడు. మంచి పని చూస్తే అతనికి తెలుస్తుంది, చూడక తప్పదు. వంపు దగ్గర అతుకు ఎంత నున్నగా రుద్దాడో, తొడుగు అంచు ఎంత తిన్నగా కోశాడో. తను నేర్పినదాని కంటే బాగుంది. ఇసుక ఉండి ఉంటే ఈ మధ్యాహ్నం ఎంత హాయిగా ఉండేదో అనిపించింది.

తొడుగు మళ్ళీ ఎక్కించాడు. పట్టీ తిప్పి మర తల కింది వైపు వచ్చేట్టు పెట్టాడు. అది సైటు నాటి అలవాటు. పై నుంచి రాళ్ళు పడితే మర వంగిపోతుందని అక్కడ అలా పెట్టేవాళ్ళు. పై నుంచి చెయ్యి పెట్టి వేళ్ళతో బిగిసినంత వరకు బిగించాడు. మిగతాది బండి కిందికి దూరి స్క్రూడ్రైవరుతో బిగించాలి. పడుకునే పలక కోసం చూస్తుండగా జియావుద్దీన్ పిలిచాడు. బయట లాగుడు బండి మీద కదలని కారొకటి వచ్చింది, దాన్ని దింపాలి. నర్సింలు బానెట్ వేసి పోయాడు.

అతనికి గుర్తొచ్చేసరికి బూ రాషిద్ డ్రైవరు బండిని అల్ వుకైర్‌లో ఇంటికి తీసుకుపోయాడు. ఫోన్ చేస్తే సరిపోతుంది. కానీ పట్టీ సరిగా బిగించలేదని చెప్పాలంటే ఎందుకు విప్పావో చెప్పాలి. వేళ్ళతో బిగించింది కూడా గట్టిదే అనుకున్నాడు. తన వేళ్ళు మామూలువి కావు అనుకున్నాడు. ఇంకో మాట కూడా ఉంది, దాన్ని పూర్తిగా అనుకోకుండా పక్కకు నెట్టేవాడు, అయినా అది వచ్చేది: ఒకవేళ ఊడినా, ఆ గొట్టం మీద ఉన్న పేరు రయీస్‌ది.

వచ్చే శుక్రవారం సవారీకి బూ రాషిద్ రయీస్‌ను ఒక్కణ్ణే పిలిచాడు. ఆ సంగతి రయీసే వచ్చి చెప్పాడు.

“నువ్వు రాకుంటే నేను గూడ పోనన్నా. బూ రాషిద్ బాబాకు గదే చెప్పిన.”

కాదనడానికి కారణం వెతికాడు నర్సింలు. దొరకలేదు. తన సీటును తనకే ఎవరో దానంగా ఇస్తున్నారు, అదీ వెనక సీటు. అయినా పోయాడు. పోకుండా గదిలో కూర్చుని ఏమైందో అని ఎదురుచూడటం అతని వల్ల కాదు.

మెసయీద్ పొగగొట్టాలు దాటేదాకా ఏమీ లేదు. ఇసుక మొదలయ్యాక, ఆ గర్జన కింద సన్నటి ఈల ఒకటి వినిపించింది. రయీస్, బూ రాషిద్ మాట్లాడుకుంటున్నారు, వాళ్ళకు వినబడలేదు. నర్సింలు ముందు సీటు వీపును పట్టుకుని కూర్చున్నాడు. ఆపమంటే బండి ఆగుతుంది. చిన్న తిన్నె ఎక్కారు. ఆపమనలేదు. పెద్ద తిన్నె సగం దాకా పోయి బండి వెనక్కి జారింది. కింద స్నేహితుల దగ్గరికి చేరేసరికి ఇంజను దగ్గడం మొదలుపెట్టింది.

రయీస్ దూకినట్టు దిగి బానెట్ ఎత్తాడు. పై కొస ఊడదీసి వేలు పెట్టి తీశాడు. వేలు చివర గోధుమ రంగు. బొటనవేలితో నలిపితే గరగరమన్న చప్పుడు నర్సింలుకు వినబడినట్టే అనిపించింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. నర్సింలు ఛాతీలో ఏదో హాయిగా సడలింది. ఇన్నాళ్ళూ చూడాలనుకున్నది ఇదే. అది ఎంతోసేపు నిలవలేదు.

రయీస్ వంగి గొట్టం వెంట చేయి పోనిస్తూ కింది వంపు దాకా పోయాడు. అక్కడ ఆగాడు. తొడుగు ఒక పక్క జారి ఉంది. వేలితో పట్టీ చుట్టూ తడిమాడు. మర తల కింది వైపు ఉంది. రయీస్ ఏ పట్టీకైనా మర తల పైకి పెడతాడు, తొందరలో అందాలని. మొత్తం సనయ్యలో మర తల కిందికి పెట్టేది ఒక్కరే. రయీస్ తల తిప్పి నర్సింలును చూశాడు. ఆ చూపులో ప్రశ్న లేదు. మళ్ళీ తల తిప్పుకున్నాడు.

లేచి బూ రాషిద్‌తో, తప్పు తనదేనని చెప్పాడు. పట్టీ సరిగా బిగించలేదు, తొందర పడ్డాను, మన్నించమన్నాడు. బూ రాషిద్ ముఖం కాసేపు గంభీరంగా ఉండి, తర్వాత విప్పారింది. రయీస్ మెడ పట్టుకుని ఊపాడు. మాఫీ ముష్కిల్, ఏం ఫర్వాలేదు అన్నాడు. మేస్త్రీలు ఇసుకను తిడతారు, పెట్రోలును తిడతారు, మా రయీస్ నోట అబద్ధం రాదు చూశారా అని స్నేహితులతో అన్నాడు. వాళ్ళు కూడా మెచ్చుకోలుగా తల ఊపారు.

నర్సింలు కొంచెం దూరంలో పంపు పక్కన నిలబడి ఇదంతా చూశాడు. శుభ్రంగా ఉన్న వేలితో వాడికి పేరు వచ్చింది. మన్ను అంటిన వేలితోనూ వాడికే వచ్చింది. తను చేసిన తప్పును కూడా వాడు తీసుకుని, జేబులో వేసుకుని, దాంతో ఇంకొంచెం పెద్దవాడయ్యాడు. తనకంటూ ఆ బండిలో ఒక సడలిన పట్టీ మిగిలింది, అది కూడా లేకుండా పోయింది.

“నేను ఇప్పిన,” అన్నాడు తెలుగులోనే. రయీస్‌కు తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

“ఊకో అన్నా,” అన్నాడు రయీస్, పెదవులు కదలకుండా.

నర్సింలు ఊరుకోలేదు. బూ రాషిద్ దగ్గరికి నడిచి, అదే మాట అరబీ ఉర్దూ కలిపి చెప్పాడు. “బాబా. యే అనా ఖోలా. రయీస్ నై. అనా.”

బూ రాషిద్ చేయి రయీస్ మెడ మీద నుంచి జారింది. “లేష్?” అని అడిగాడు, ఎందుకని.

ఇసుక ఉందేమో చూడటానికి, అని చెప్పాడు నర్సింలు. ఆ మాట బయటికి వచ్చాక ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదనుకున్నాడు. కానీ బూ రాషిద్ ఇంకో ప్రశ్న అడిగాడు. చాలా మామూలుగా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. ఉందా మరి?

కొంచెం ఉందని అనవచ్చు. ఎవరికి తెలుస్తుంది? ఆ మధ్యాహ్నం గ్యారేజీలో ఆ వేలు చూసింది తనొక్కడే. కొంచెం ఉందంటే అనుమానించింది సరైనదే అవుతుంది, విప్పింది బాధ్యత అవుతుంది, ముందు సీటు కూడా తిరిగి రావచ్చు. రయీస్ నేల చూస్తున్నాడు. అతను కూడా ఆ జవాబు కోసమే ఎదురుచూస్తున్నాడని నర్సింలుకు అర్థమైంది. వెనకటికి పట్టీ బిగించి తల ఊపడం కోసం ఎదురుచూసినట్టే.

“మాఫీ,” అన్నాడు నర్సింలు, లేదని. మళ్ళీ అన్నాడు. “సాఫ్ థా బాబా. బిల్కుల్ సాఫ్ థా.”

బూ రాషిద్ నర్సింలు ముఖం కేసి కొంతసేపు చూసి, జేబు రుమాలుతో చేతులు తుడుచుకుని, స్నేహితుల వైపు నడిచాడు. తిడితే బాగుండేది.

రయీస్ గొట్టం మొత్తం ఊడదీశాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గుడ్డలతో లోపలంతా తుడిచారు. ఇసుక చాలావరకు గ్రీజుకే అంటుకుని ఆగింది. రయీస్ ఇంజను నోటి దగ్గర టార్చి వేసి చూసి, పెద్ద నష్టం లేదన్నాడు, రేపు ఆయిలు మార్చి చూద్దామన్నాడు. నర్సింలు కూడా చూసి అవునన్నాడు. తొడుగు ఎక్కించాక రయీస్ స్క్రూడ్రైవరు అందించాడు.

“నువ్వే బిగియ్యన్నా. నేను సూస్త.”

నర్సింలు పట్టీని చుట్టూ తిప్పాడు. మర తల పైకి వచ్చేట్టు పెట్టాడు. చాలాకాలంగా కిందికి పెట్టిన చేతికి అది కొత్తగా ఉంది. మర ఇంక కదలనంత వరకు బిగించాడు. రయీస్ వంగి, పట్టీని వేలితో తట్టి చూసి, తల ఊపాడు.

తిరిగి వచ్చేటప్పుడు ముందు తలుపు దగ్గర రయీస్ ఒక్క క్షణం ఆగాడు. నర్సింలు అది చూడనట్టు వెనక తలుపు తీసుకుని, పంపును పక్కకు జరిపి కూర్చున్నాడు. బూ రాషిద్ బండిని మెల్లగా పోనిచ్చాడు. రోడ్డు ఎక్కాక కాలు తొక్కాడు. ఇంజను లోతుగా ఊపిరి తీసుకుని గర్జించింది. నర్సింలు కళ్ళు మూసుకుని ఆ గర్జన కింద ఎక్కడైనా ఈల ఉందేమోనని విన్నాడు. మెసయీద్ దీపాలు వచ్చేదాకా వింటూనే ఉన్నాడు. ఎక్కడా లేదు.

బాగుంది చప్పుడు. ఆ సంగతి ఎవరూ అతన్ని అడగలేదు.